గట్టిగా నవ్వడానికి కావలసిన కండరం

ముందుగా ఒక ఫిర్యాదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సాయంత్రం పోయే బస్సులో ఒక కండక్టరున్నాడు. చిల్లర సరిగ్గా ఇస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు, ఆడవాళ్ల సీట్లలో కూర్చున్న మగవాళ్లను లేపుతాడు. ఆయన మీద నా ఫిర్యాదల్లా ఒకటే. జోకులు బాగా వేస్తాడు.

పాప పుట్టిన ఆరో నెలలో నేను మళ్లీ ఉద్యోగానికి పోవడం మొదలుపెట్టాను. ఆదోనిలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పుట్టిల్లు ఆదోని, అత్తగారిల్లు ఎమ్మిగనూరు. అందువల్ల రెండు ఊళ్ల మధ్య ఉన్న గుంతలన్నిటితో నాకు ముఖపరిచయం ఉంది. ఆ వారం ఒక సాయంత్రం బస్సు దారిలో రెండు మూడుసార్లు మొరాయించి, అందరం దిగి ఎక్కి, ఎలాగో కదిలింది. తర్వాతి స్టాపులో ఒక పెద్దాయన మెట్టు మీద కాలుపెట్టి, "ఏమప్పా, ఈ బస్సు ఎమ్మిగనూరు పోతాదా?" అని అడిగాడు.

కండక్టరు టికెట్ మిషన్ మీది నుంచి తల ఎత్తలేదు. "నేనైతే పోతాండా పెద్దాయనా. బస్సు సంగతి దాన్నే అడుగు."

నవ్వాను. నా నవ్వు చిన్నది కాదు. మా నాన్న పత్తి మార్కెట్లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఇంట్లో నేను నవ్వితే మార్కెట్లో వేలం ఆగుతుందని అనేవాడు. ఆ నవ్వు సగంలో ఉండగా కింద వెచ్చగా ఏదో తెలిసింది. నవ్వు ఆపాను. అది మాత్రం ఆగలేదు.

పక్కన కూర్చున్నామెకు, "వాటర్ బాటిల్ కారినట్టుంది" అని చెప్పాను. ఆమె మంచి మనిషి. బాటిల్ తీసుకుని, మూత తిప్పి చూసి, తలకిందులు చేసి ఊపి, "మూత బాగానే ఉండాదే" అంది. ఎమ్మిగనూరు దాకా ఆ బాటిల్ గురించే మాట్లాడింది.

ఇది రాస్తున్నది నాలాంటి తల్లుల కోసం కాబట్టి కాన్పు సంగతి కూడా చెప్పాలి. నార్మల్ డెలివరీ. పాప బరువు బాగానే ఉంది, నొప్పులు చాలాసేపు పడ్డాను, కుట్లు పడ్డాయి. డిశ్చార్జ్ రోజు నర్సు, "పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులు చేసుకోమ్మా, చాలా ముఖ్యం" అంటుండగా ఆటో వచ్చింది. అంత ముఖ్యమైన విషయం ఆటో హారన్ దగ్గర ఆగిపోయింది. ఇంటికి పోయాక వైద్యం మా అమ్మ చేతిలోకి వచ్చింది. నాన్న పాత పంచె మడిచి నా నడుముకు బిగించి కట్టింది. పొట్ట లోపలికి పోతుందట. నీళ్లు అడిగితే లోటాలో అడుగున ఇచ్చింది. బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందట. అమ్మ ప్రేమలో లోటేమీ లేదు. లోటాలోనే ఉంది.

బస్సు సంగతి తర్వాత నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నవ్వడం మానేశాను. ఇది విన్నంత తేలిక కాదు. స్టాఫ్ రూములో నేను జోకులు వేసేదాన్ని. ఇప్పుడు ఎవరైనా జోకు మొదలుపెడితే పేపర్లు దిద్దాలని లేచి పోయేదాన్ని. తుమ్ము వస్తే గోడ పట్టుకునేదాన్ని. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. నా గాంభీర్యం చూసి మెచ్చుకున్న ప్రిన్సిపాల్ నన్ను డిసిప్లిన్ కమిటీలో వేశారు. జీవితంలో నాకు క్రమశిక్షణకు వచ్చిన గుర్తింపు అదొక్కటే, అది కూడా వేరే అవయవం పుణ్యం.

ఇంట్లో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. పాప ఆటకు పాక్కుంటూ మీదికొస్తే పక్కకు జరిగేదాన్ని. మా ఆయన ఒకరోజు భోజనం దగ్గర, "నువ్వు నవ్వి చాన్నాళ్లయింది. నేనేమన్నా అన్నానా?" అని అడిగాడు. ఆయన విత్తనాల షాపులో లెక్కలు రాస్తాడు, మాట తక్కువ మనిషి. అంత పొడుగు మాట అడిగాడంటే ఎన్నాళ్లు లోపల పెట్టుకున్నాడో. ఏం లేదన్నాను. కానీ ఆ రోజు నాకు భయం వేసింది. నా పాపకు తెలిసే అమ్మ ఈ గోడ పట్టుకునే మనిషేనేమో అని.

మంచి పని ఒకటి చెడ్డ దారిలో జరిగింది. బస్సులో ఇబ్బంది లేకుండా ఉండాలని పగలంతా నీళ్లు తాగడం మానేశాను. కొన్నాళ్లకు మంట, చలిజ్వరం. గైనకాలజిస్టు మేడమ్ యూరిన్ కల్చర్ రాశారు, స్కానింగ్ రాశారు. యూరిన్ ఇన్ఫెక్షన్ అని తేలింది. యాంటీబయాటిక్ రాస్తూ, "దగ్గినప్పుడు, నవ్వినప్పుడు లీక్ అవుతుందా?" అని అడిగారు.

"కొంచెం, మేడమ్."

"కొంచెం అంటే ఎంత?"

"జోకును బట్టి, మేడమ్."

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వారు. నేను జాగ్రత్తగా నవ్వాను. "దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు" అన్నారు. పక్కనున్న మా ఆయన వెంటనే, "అవును మేడమ్, డిసిప్లిన్ కమిటీలో వేసినప్పట్నుంచి టెన్షన్ ఎక్కువైంది" అన్నాడు. మనసు మీద ఒత్తిడి కాదు, దగ్గు తుమ్ములు పొట్టలోంచి కిందికి పెట్టే ఒత్తిడి అని ఆవిడ ఓపికగా చెప్పారు. మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు, నర్సు చెప్పిన పెల్విక్ ఫ్లోర్ అదే, కాన్పులో సాగి నీరసపడ్డాయట. "ఇది కామనే. కానీ నార్మల్ కాదు. భరించాల్సిన పని లేదు. ముందు ఫిజియోథెరపీ చేద్దాం, సర్జరీ మాట ఇప్పుడు వద్దు. నీళ్లు మాత్రం తాగండి తల్లీ."

కామన్, నార్మల్ కాదు. ఈ రెండు మాటలు ఎవరైనా ఆటో రాకముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఫిజియోథెరపిస్టు షాహీన్ మేడమ్ ఆదోనిలోనే ఉన్నారు. నాకంటే చిన్నది, కానీ మాట హెడ్‌మిస్ట్రెస్ మాట. ముందుగా ఏం చేయబోతున్నారో చెప్పి, నేను ఒప్పుకున్నాక, లోపల వేలితో పరీక్ష చేశారు. "ఇప్పుడు బిగించండి" అన్నారు. బలమంతా పెట్టి బిగించాను.

"అక్కా, మీరు బిగించడం లేదు. ముక్కుతున్నారు. కిందికి తోస్తున్నారు. పైకి లాగాలి. గాలి ఆపుకున్నట్టు, యూరిన్ ఆపుకున్నట్టు, రెండూ కలిపి పైకి. పొట్ట బిగించొద్దు. తొడలు బిగించొద్దు. ఊపిరి ఆపొద్దు."

మళ్లీ చేశాను.

"ముఖం కూడా బిగించొద్దు. పెల్విక్ ఫ్లోర్ ముఖంలో లేదు."

నాలుగోసారో అయిదోసారో, లోపల ఏదో చిన్నగా, సిగ్గుపడుతూ పైకి లేచింది. "అదీ!" అన్నారు మేడమ్. డిగ్రీలో ఫస్ట్ క్లాసు వచ్చినప్పుడు కూడా ఎవరూ నాకు అంత సంతోషంగా "అదీ" అనలేదు. అయిదు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి, అయిదు లెక్కపెట్టేదాకా పూర్తిగా వదలాలి, మళ్లీ. రోజుకు మూడు పూటలా. దగ్గు వచ్చే ముందు ఒకసారి బిగించాలి. నడుముకు గుడ్డ బిగించి కడితే ఒత్తిడి కిందికే పోతుందని కూడా చెప్పారు. పంచె నాన్నకు తిరిగి ఇచ్చేశాను.

ఇంటికి వచ్చాక అసలు సమస్య మొదలైంది. లెక్క ఎలా పెట్టాలి? పాప లెక్క పెట్టనివ్వదు. మా అత్త చేనేత మనిషి. ముందరి పడసాలలో గుంట మగ్గం ఉంది, పొద్దున లేస్తే దాని చప్పుడే. పోగును మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది, ఆ పోగును బిగించి కొట్టే పలక టక్కుమంటుంది. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. అయిదు టక్కులకు బిగింపు, అయిదు టక్కులకు వదలడం. పక్క గదిలో గోడకానుకుని కూర్చుని మగ్గంతో పాటు చేయడం మొదలుపెట్టాను. మా ఆయన తన వంతుగా షాపు నుంచి మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. "అయిందా?" "అయింది." "సరే." షాపు ఓనరు నేనేదో వ్రతం పట్టానని అనుకుని, ఏ దేవుడమ్మా అని ఒకసారి అడిగించాడు కూడా.

రెండు నెలల్లో గుణం కనిపించింది. తుమ్ము వస్తే గోడ అక్కర్లేకపోయింది. తర్వాత ఎందుకో వెనక్కి పోయింది. నడుం కింద నొప్పి. బాత్రూంకు పోతే యూరిన్ వెంటనే రాదు. కుట్ల దగ్గర లాగుతున్నట్టు. నేను ఇంకా గట్టిగా చేశాను. ఇంకా నొప్పి. ఎక్సర్‌సైజు నాకు పడదని తీర్మానించుకుని, ఏడుపు ముఖంతో షాహీన్ మేడమ్ దగ్గరికి పోయాను. ఆ రోజు పాపను పట్టుకోవడానికి అత్త కూడా వచ్చింది.

మేడమ్ పరీక్ష చేసి నుదురు చిట్లించారు. "కండరం రాయిలా ఉందక్కా. రెస్టే లేదు దీనికి. వదలడం లేదా మీరు?"

"వదులుతున్నా మేడమ్. మగ్గం లెక్క ప్రకారం."

"మగ్గమా?"

వివరంగా చెప్పాను. పెళ్లిళ్ల సీజను వచ్చి ఆర్డర్లు పెరిగాయి, అత్త చేయి జోరందుకుంది, టక్కులు దగ్గరయ్యాయి. వదలడానికి దొరికే సమయం ఒక్క ఊపిరి తీసుకునేంత. సరే అదొకటి. రెండోది ఇంకా ఉంది.

"మధ్యలో పోగు తెగుతుంది కదా మేడమ్. పోగు తెగితే మగ్గం ఆగుతుంది."

"ఆగితే?"

"నా లెక్క ఆగుతుంది."

"అంటే మీరు..."

"బిగించి ఉన్నప్పుడు తెగితే అట్లే పట్టుకుని ఉంటాను. మళ్లీ టక్కుమనే దాకా."

బెంచీ మీద పాపను పెట్టుకుని కూర్చున్న అత్త అప్పటిదాకా కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. తల తిప్పింది. "నిన్న పోగు తెగినప్పుడు నేను ముడేసి, లేసి, టీ తాగి, పక్కింటి లచ్చుమక్కతో మాట్లాడొచ్చినానే! అంతసేపూ పట్టుకోనే ఉంటివా?"

"ఉంటి, అత్తా."

షాహీన్ మేడమ్ టేబుల్ మీద తల పెట్టేసుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచి, నాకు జీవితంలో పనికొచ్చిన మాట చెప్పారు. "వదలడం కూడా వ్యాయామమేనక్కా. బిగింపు సగం, వదలడం సగం. మీరు ఇన్నాళ్లూ సగమే చేశారు." కొన్ని వారాలు బిగింపు పూర్తిగా మానిపించి, పడుకుని పొట్టలోకి ఊపిరి తీసుకుంటూ వదలడం ఒక్కటే నేర్పించారు. నొప్పి పోయింది. తర్వాత మళ్లీ మొదటి నుంచి.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త పాపను ఒళ్లో వేసుకుని జోకొట్టింది. ఊరు దగ్గర పడుతుండగా మెల్లగా అంది.

"ఏమ్మే, ఇది రోగమా?"

"ఏది అత్తా?"

"దగ్గితే పోవడం."

"రోగమే. తగ్గుతుంది."

"నేను ఆడదాని బతుకే ఇంత అనుకున్యా." కిటికీ వైపు తిరిగింది. "మూడు కాన్పులైనంక నాకూ ఇదే. మగ్గం గుంటలో కూసుంటే ఎవరికి తెలుస్తాదిలే అని కూసుండేదాన్ని. పెండ్లిండ్లకు పోకుంటి. మీ మామ, నాకు మందిలో కలిసేది ఇష్టం ల్యాదని అందరికీ సెప్పినాడు. పాపం ఆయప్పకేం తెలుసు."

ఆమె చేయి పట్టుకున్నాను. అత్తకు అలాంటివి నచ్చవు. అయినా ఆ పూట చేయి వెనక్కి లాక్కోలేదు.

మరుసటి వారం పరీక్ష బల్ల మీద నా బదులు అత్త ఉంది. గైనకాలజిస్టు మేడమ్ చూసి గర్భసంచి కొంచెం కిందికి జారింది, గ్రేడ్ వన్ ప్రొలాప్స్ అన్నారు, భయం లేదన్నారు. షాహీన్ మేడమ్ "పైకి లాగండమ్మా" అంటే అత్త మొదటిసారే సరిగ్గా లాగింది. "మీ కోడలికి అయిదుసార్లు పట్టింది" అని మేడమ్ ఆమె ముందే అన్నారు. ఆ మాట ఎమ్మిగనూరులో నాకు తెలిసిన ప్రతి ఇంటికీ చేరింది. సిగ్గుతో దాచుకున్న రోగం గురించి మా అత్త ఊరంతా గర్వంగా చెప్పుకోవడం అప్పుడే మొదలు.

ఆమె చేసే పద్ధతి కూడా వేరు. మగ్గం పూర్తిగా ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని చేస్తుంది. ఒకరోజు అలా ఉండగా పక్కింటి లచ్చుమక్క వచ్చి, "ఏమ్మే, మగ్గం ఆపి సుమ్నే కూసున్యావు?" అని, ఊరికే అనే చోట కన్నడం కలిపి అడిగింది.

అత్త కళ్లు తెరవలేదు. "ఉండు. పైకి లాగుతాండా."

లచ్చుమక్క చుట్టూ చూసింది. "ఏంది, బోరు ఏపిచ్చినారా?"

అత్తకు నవ్వాగలేదు. ఆమెను చూసి నాకు ఆగలేదు. మగ్గం పక్కన గోడకు చేరబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడక, మళ్లీ మొదలుపెట్టి నవ్వాను. లచ్చుమక్కకు అర్థం కాకపోయినా మర్యాదకు తనూ నవ్వింది. పాప తప్పటడుగులతో వచ్చి నా ముఖంలోకి చూసి, ఎందుకో తెలియకుండానే కేరింతలు మొదలుపెట్టింది. నవ్వు ఆగాక నేను అత్త వైపు చూశాను, అత్త నా వైపు చూసింది. ఇద్దరం ఒకే సంగతి లోలోపల పరీక్షించుకున్నాం. తడిసింది కళ్లు మాత్రమే.

కథ ఇక్కడ ఆపేస్తే అందంగా ఉంటుంది. కానీ ఆ తర్వాత నేను బాగైపోయానని చెప్పి ఎక్సర్‌సైజులు మానేశాను. ఏడాది దాకా ఏమీ కాలేదు. అప్పుడు చలికాలం వచ్చింది, ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుల దుమ్ము లేచింది, నాకు దగ్గు పట్టుకుంది. దగ్గుతో పాటు పాత చుట్టం కూడా దిగింది. షాహీన్ మేడమ్ తిట్టలేదు. "ఒకసారి తల దువ్వుకుంటే ఎన్నాళ్లు వస్తుందక్కా?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు పాప బడికి పోతోంది. నేను ఎక్సర్‌సైజు క్లాసులో చేస్తాను. అటెండెన్స్ పిలిచేటప్పుడు. రోల్ నంబర్ ఒకటి నుంచి అయిదు దాకా బిగింపు, ఆరు నుంచి పది దాకా వదలడం. పేర్లు పైకి పిలుస్తుంటాను కాబట్టి ఊపిరి బిగబట్టే వీలు లేదు, ఇది షాహీన్ మేడమ్ కూడా ఒప్పుకున్నారు. ఎవరైనా పలక్కపోతే ఆగను, ముందుకు పోతాను. పోగు తెగిన పాఠం నాకు బాగా వంటబట్టింది. మా కాలేజీలో అటెండెన్స్ ఇంత శ్రద్ధగా తీసుకునే లెక్చరర్ ఇంకొకరు లేరని ప్రిన్సిపాల్ అంటారు. డిసిప్లిన్ కమిటీ నుంచి మాత్రం తీసేశారు. స్టాఫ్ రూములో నా నవ్వు ఎక్కువైందని ఫిర్యాదు వచ్చిందట.

మొన్న మా ఆడబిడ్డ బిడ్డకు పేరు పెట్టారు. ఇల్లంతా ఆడవాళ్లు. తొట్టెల పక్కన కూర్చున్న ఆడబిడ్డ నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో, "వదినా, నాకూ తుమ్మితే..." అంది. నేను చెవిలో కాకుండా అందరికీ వినిపించేలా చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఒకసారి డాక్టరుకు చూపించుకుని, తెలిసినవాళ్ల దగ్గర సరిగ్గా నేర్చుకోండి, బిగించడం ఎంతో వదలడం అంత. ఆ తర్వాత రోజూ తప్పకుండా చేసే పని ఏదో ఒకదానికి దాన్ని ముడివేయండి. ముఖ్యంగా, బాగైన రోజు మానేయొద్దు.

అందరూ శ్రద్ధగా విన్నారు. ఒకామె చేయెత్తి మళ్లీ చెప్పమంది. నేను గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టబోయాను. వక్కాకు నములుతూ గోడవారన కూర్చున్న మా అత్త ఆకు దవడకు నెట్టింది.

"ఆయమ్మ సెప్పినట్ల చేయండి. ఆయమ్మను సూసి చేయాకండి. కాలేజీకి సెలవులిడ్సినప్పట్నుంచి ఒక్కపొద్దన్నా చేసింది ల్యా."